అప్పుకిచ్చిన గంట

మీరే చంపారు. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే. టైంటేబుల్ గీసిన ప్రిన్సిపాలు గారూ, నడవని మురుగు ప్లాంటుకి కొత్త రంగు వేయించిన చైర్మన్ గారూ, పక్కవాళ్ళ గంట లాక్కుని తన సిలబస్ పూర్తిచేసుకున్న మెషీన్ డిజైన్ మాస్టారూ, పిల్లాడి భుజం తట్టి మురుగు ట్యాంకులోకి పంపిన మెయింటెనెన్స్ సారూ! అందరూ కలిసి పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి చంపి, వాడి తెలివితక్కువతనానికి వాడే పోయాడని కాగితం రాశారు. ఆ కాగితం కింద వాడి మేనత్త చేతే సంతకం పెట్టించబోయారు.

ఆ మేనత్త ఆ కాలేజీలోనే పర్యావరణం చెప్పే లెక్చరర్. ఇంజనీరింగ్ కాలేజీలో పర్యావరణం సవతి బిడ్డ. దానికి క్రెడిట్లు లేవు, మార్కులు ఎందులోనూ కలవవు. పరీక్షలో తన పేరు తప్పుల్లేకుండా రాసినవాడల్లా పాసే. పిల్లలు దానికి 'నిద్ర పీరియడ్' అని పేరు పెట్టుకున్నారు. కిటికీ పక్క సీట్లకి ఆ ఒక్క గంటే గిరాకీ.

ఆమె మాత్రం మొదటి రోజే పుస్తకం మూసేసి అడిగింది.

"పొద్దున హాస్టల్లో స్నానాలు చేశారు కదా. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

"కిందికి మేడం" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు.

"అక్కణ్ణించి?"

"ఇంకా కిందికి మేడం."

క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. "లేవండి. ఆ ఇంకా కింద ఏముందో చూసొద్దాం" అని క్లాసు మొత్తాన్నీ బయటికి నడిపించింది. హాస్టల్ గోడ వెంట, మెస్ వెనక జిడ్డు పేరుకున్న సందు దాటి, మురుగు శుద్ధి ప్లాంటు దాకా తీసుకెళ్ళింది. 'ఇక్కడ ప్రతి చుక్కా శుభ్రమవుతుంది' అని అక్కడ నీలం బోర్డు ఒకటి ఉంది. దాని కింద స్విచ్చుల పెట్టెకి సాలెగూడు పట్టింది. పక్కనుంచి ఒక లావుపాటి గొట్టం ప్లాంటు మొహమైనా చూడకుండా, గోడ కింద దూరి, అవతలి కాలువలోకి నల్లగా కక్కుతోంది. కాలువ గట్టున ఎవరో ఒకావిడ బట్టలు జాడిస్తోంది.

"ఇదీ మీ ఇంకా కింద" అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ రోజుతో ఆమెకి 'పైపుల మేడం' అని పేరు పడిపోయింది. ఆమెకి ఆ పేరు నచ్చింది కూడా.

ఆ పిల్లల్లోనే ఆమె మేనల్లుడూ ఉన్నాడు. కాలేజీలో వాణ్ణి అందరూ 'డౌటు' అనే పిలుస్తారు. "చిన్న డౌటు సార్" అని లేవకపోతే వాడికి పొద్దు గడవదు. వాడు లేచాడంటే "అయిపోయాం రా" అని క్లాసంతా మూలిగేది.

వాడి తండ్రి, అంటే మేడం అన్న, బస్సు డ్రైవరు. వదిన ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పెళ్ళి ఊసెత్తనివ్వని మేడం వాళ్ళ ఇంట్లోనే ముందు గదిలో ఉంటుంది. వాడు ఆమె ఒళ్ళో పెరిగిన పిల్లాడు. అందుకే మొదటి వారంలోనే క్లాసులో లేచి "అత్తా, చిన్న డౌటు" అన్నాడు. ఇంకేముంది, బెంచీలు దద్దరిల్లాయి. "మేమూ అత్తా అనొచ్చా మేడం?" అని ఇంకొకడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె రూలు పెట్టింది. "కాలేజీలో నేను మేడాన్ని. ఇంట్లో అత్తని. అక్కడ అత్తా అనకు, ఇక్కడ పాఠం అడక్కు."

"మరి బస్సులో?"

"బస్సులో నేనెవరో నీకు తెలీదు."

వదిన మిషను ఆపి పడీ పడీ నవ్వింది. "పంతులమ్మగారికి ఇంట్లో కూడా టైంటేబులే!"

అలా నవ్వుకుంటూ పెట్టుకున్న రూలు అది.

ఆ ఏడాది మధ్యలో మురుగులోంచి పుట్టే వాయువుల పాఠం వచ్చింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఏ వాయువుది? ఇది ఏటేటా వచ్చే ఒక మార్కు ప్రశ్న. నిద్రలో లేపి అడిగినా చెప్తారు, హైడ్రోజన్ సల్ఫైడ్ అని. మార్కుల చదువు బుర్రని అలాగే తయారుచేస్తుంది. గుర్తు కనపడితే వస్తువు ఉన్నట్టు, గుర్తు లేకపోతే వస్తువు లేనట్టు. ఆ సంగతి ఆమెకి తెలుసు. అందుకే బోర్డు మీద రాసింది సగం చెరిపేసి వాళ్ళ వైపు తిరిగింది.

"మీ ఒక మార్కు మీకొచ్చేసింది. ప్రాణం నిలబెట్టే ముక్క మాత్రం మీ పుస్తకంలో లేదు. ఈ వాసనకి రెండో సగం ఒకటుంది..."

గంట మోగింది. తలుపు దగ్గర మెషీన్ డిజైన్ మాస్టారు చాక్‌పీసుల డబ్బాతో సిద్ధంగా నిలబడి, గడియారం చూసుకుంటున్నాడు. "వచ్చే క్లాసులో చెప్తాను, గుర్తుచెయ్యండి" అని ఆమె డస్టరు తీసుకుని బయటికొచ్చేసింది.

ఆ రెండో సగం ఇదీ. ఆ వాయువు కొద్దిగా ఉన్నప్పుడే కంపు కొడుతుంది. బాగా ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుంది. ఉన్నట్టుండి కంపు మాయమైందంటే గాలి బాగుపడిందని కాదు, మనిషికి ఇంకో ఊపిరో రెండు ఊపిర్లో మిగిలాయని.

ఆ వచ్చే క్లాసు రాలేదు. ఎందుకు రాలేదంటే ఆ కాలేజీలో ఒక అలవాటుంది, 'పీరియడ్ అప్పు' అంటారు. సిలబస్ వెనకబడిన మాస్టారు స్టాఫ్ రూములోకి వచ్చి, చేతులు నలుపుకుంటూ, "ఒక గంట అప్పివ్వండి, వచ్చే వారం తీర్చేస్తా" అంటాడు. లెక్కల మాస్టారిని ఎవరూ అడగరు. ఎలక్ట్రికల్ మేడాన్ని అడిగే దమ్ము ఎవరికీ లేదు. అందరూ వచ్చేది పైపుల మేడం దగ్గరికే.

"పోయినేడాది తీసుకున్నవే తీర్చలేదు, మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నారు మాస్టారూ?" అంది ఆమె.

"ఈసారి వడ్డీతో సహా ఇస్తా మేడం" అని నవ్వాడు మెషీన్ డిజైన్ మాస్టారు. "అయినా మీ సబ్జెక్టులో ఏముంది? చెట్లు నాటండి, నీళ్ళు పొదుపు చెయ్యండి. అంతేగా! వాళ్ళే చదువుకుంటారు."

"ఇవ్వను."

ఆయన నేరుగా ప్రిన్సిపాలు గదికి వెళ్ళాడు. వెనకే ఆమె కూడా వెళ్ళింది. ప్రిన్సిపాలు ఫైలు మీంచి తల ఎత్తలేదు. "సర్దుకోండమ్మా. ఆయనది క్రెడిట్లున్న సబ్జెక్టు" అన్నాడు. ఆ వారం గంట అలా పోయింది. తర్వాతి వారానిదీ పోయింది. ఆ పైన కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందని పిల్లల్ని గోడలకి నినాదాలు రాయడానికి తోలారు. రాసిందేమిటంటే, 'పర్యావరణమే ప్రాణం'. ఆ నినాదాలు రాయించడానికి తీసుకున్నది కూడా పర్యావరణం గంటే!

ఒక సాయంత్రం ఆమె మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. వాడు గుమ్మంలో వచ్చి కూర్చున్నాడు.

"అత్తా, ఆ వాసన రెండో సగం ఏంటి?"

"రూలు రూలే. క్లాసులో అడుగు."

"క్లాసంటూ ఉంటే కదా అడగడానికి! అంతా అప్పులకే పోతోంది. నువ్వు దివాలా తీసేశావత్తా."

లోపల మిషను దగ్గర వదిన పకపకా నవ్వింది. ఆమెకీ నవ్వొచ్చింది. నవ్వు వెంటే రోషం పొడుచుకొచ్చింది. "చెప్తే క్లాసులోనే చెప్తాను, అందరికీ చెప్తాను. నీ ఒక్కడికి ఇంట్లో చెప్పేశాననుకో, వాళ్ళు నా గంట తినేసినా ఫరవాలేదని నేనే ఒప్పుకున్నట్టురా. ఒప్పుకోను. నా గంట నేను రాబట్టుకుంటాను, చూడు."

"సరే మేడం" అని వాడు ఇంట్లోనే వెక్కిరింపుగా సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయాడు.

కమిటీ దగ్గరపడింది. అద్దెకి తెచ్చిన పూలకుండీలు మెట్ల మీద దిగాయి. ప్లాంటుకి ఆకుపచ్చ రంగు పూశారు, సాలెగూడు దులిపారు. ఇక మోటారు తిరగాలి. అది ట్యాంకు అడుగున ఉంది, దాని నోట్లో గుడ్డపేలికలు ఇరుక్కుని ఏళ్ళయింది. రిపేరు కంపెనీ వాళ్ళు వచ్చి చూసి, ట్యాంకు ఖాళీ చేయించండి, లోపలికి గాలి పట్టించండి, మీటరు పెట్టి చూశాకే మా మనిషి దిగుతాడన్నారు. అంత ఆగేందుకు టైము లేదన్నాడు చైర్మన్. ఏదో ఒకటి చెయ్యవయ్యా అని మెయింటెనెన్స్ సారు మీద పడ్డాడు.

మెయింటెనెన్స్ సారు కారిడార్లో డౌటు గాణ్ణి పట్టుకున్నాడు.

"ఏరా, మీ పైపుల మేడం ఏడాది మొదట్నుంచీ ప్లాంటు తిరగట్లేదని గోల పెడుతోందిగా. నువ్వు తిప్పి చూపించు. పేలికలు లాగెయ్యడమే, పెద్ద పనేం కాదు. కావాలంటే ప్రాజెక్టు కింద రాసుకో, నేను సంతకం పెడతా."

వాడికి అంతకన్నా ఏం కావాలి! అత్త నడిపించుకెళ్ళి చూపించిన ఆ నల్లనీళ్ళు ఇక కాలువలో పడవు. బట్టలు జాడించే ఆవిడ చేతులకి ఆ మురుగు అంటదు. వాడు ఎగిరి గంతేశాడు. పొడుగ్గా ఉంటాడని అందరూ 'పొడుగు' అనే దోస్తుని వెంటపెట్టుకుని, అత్తకి మాత్రం చెప్పొద్దన్నాడు. "తిరిగాక తీసుకెళ్ళి చూపిద్దాంరా. అప్పుడు అత్త మొహం చూడాలి."

అత్త వాడి మొహాన్నే చూసింది, ఆసుపత్రిలో, దుప్పటి తొలగించి చూపిస్తే.

వరండాలో పొడుగు గోడకేసి తల కొట్టుకుంటున్నాడు. ఆమె వాడి రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టింది. "ఏం జరిగిందో చెప్పు నాన్నా. ఏదీ దాచకు."

"మెయింటెనెన్స్ సారే వాణ్ణి పంపాడు మేడం. ట్యాంకు మూత తియ్యగానే కంపు. నేను కళ్ళు మూసుకుని దూరం పరిగెత్తా. వాడు కర్రతో పైన గట్టిపడ్డ మడ్డిని కెలికాడు. ఇంకా ఎక్కువైంది. 'ఆగరా, ఇది హెచ్‌టూఎస్, పోనీ కాసేపు' అని వాడే అన్నాడు. వాడే మేడం! ఆగాం. తర్వాత నిచ్చెన మీద నాలుగు మెట్లు దిగి గట్టిగా ఊపిరి పీల్చాడు. 'పోయిందిరా, గుడ్డూ లేదు కోడీ లేదు' అని నవ్వాడు. ఇంకో మెట్టు దిగాడు. అంతే, చెయ్యి వదిలేశాడు." పొడుగు వెక్కుతున్నాడు. "నేను దిగబోయాను. తోటమాలి నా చొక్కా పట్టుకుని వెనక్కి ఈడ్చేశాడు. వదిలెయ్యమని కొట్టాను కూడా."

ఆమె వాడి తల నిమురుతోంది. పొడుగు ఆమెకి ధైర్యం చెప్పాలనుకున్నాడు, పాపం. "మీరు చెప్పిందే వాడికి గుర్తుంది మేడం. వాసన ఉంటేనే కదా ఆ గ్యాసు ఉన్నట్టు."

నిమిరే చెయ్యి ఆగిపోయింది. పాఠం మర్చిపోయి పోలేదు వాడు. పాఠం గుర్తుపెట్టుకునే పోయాడు. వాడికి అందిన సగం పాఠం.

కర్మకాండలు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, అన్నీ అయ్యాక ప్రిన్సిపాలు కబురు పెట్టాడు. బల్ల మీద ఒక కాగితం ఆమె వైపు జరిపాడు. 'సదరు విద్యార్థి ఎవరి అనుమతీ లేకుండా, కనీస జాగ్రత్తలు పాటించక, మితిమీరిన ఉత్సాహంతో ట్యాంకులోకి దిగినందున...' ఆ ముక్క దాటి ఆమె చదవలేకపోయింది.

"పంపింది మీ మెయింటెనెన్స్ సారు" అంది.

"సాక్ష్యం ఉందా? ఆ పొడుగు కుర్రాడు నిన్న నా దగ్గరికొచ్చి తనకేం గుర్తులేదన్నాడు." ప్రిన్సిపాలు గొంతు తగ్గించాడు. "చూడండమ్మా, మీరు వాడి మేనత్త, పైగా సబ్జెక్టు లెక్చరర్. మీ సంతకం పడితే ఇది ఇక్కడితో ముగుస్తుంది. విచారణ దాకా వెళ్తే, ఆ గ్యాసుల పాఠం చెప్పాల్సింది ఎవరు, ఎందుకు చెప్పలేదు అని కూడా అడుగుతారు. మీ అన్నా వదినా కూడా అడుగుతారు. ఆలోచించుకోండి. రేపు వాళ్ళని పిలిపిస్తున్నాం."

ఆమె ఇంటికొచ్చింది. మిషను మీద దుప్పటి కప్పేసి ఉంది. ఎవరి జాకెట్టో సగం కుట్టింది అలాగే వేలాడుతోంది. వదిన చీకటిగదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె అడుగుల చప్పుడు విని, తిరగకుండానే అడిగింది.

"పంతులమ్మా, నా కొడుకు మొద్దా?"

"వదినా..."

"మీ అన్నతో బస్సులో ఎవరో అన్నారట. ఇంజనీరింగ్ చదివేవాడికి ఆమాత్రం తెలీదా, ముక్కు పనిచెయ్యలేదా అని. ఆయన బస్సు పక్కన ఆపేసి స్టీరింగు మీద పడి ఏడ్చాడట. చెప్పు, నా కొడుకు మొద్దా?"

"కాదు వదినా."

"మరెందుకు దిగాడు?"

అప్పుడే చెప్పెయ్యాల్సింది. నాలిక కొసన ఉంది. గుమ్మంలో వాడు కూర్చున్న చోటు కనిపించింది. ముందు గదిలోకి పోయి తలుపేసుకుంది. చెప్తే వదిన మళ్ళీ తన మొహం చూడదు. చెప్పకపోతే వాడు ఎప్పటికీ మొద్దే. రెండిట్లో ఏది పోగొట్టుకోవాలో తేల్చుకోవాల్సింది ఆమె ఒక్కతే.

మర్నాడు చైర్మన్ గదిలో మెత్తటి కుర్చీలు వేశారు. ప్రిన్సిపాలు, మెయింటెనెన్స్ సారు, మెషీన్ డిజైన్ మాస్టారు గోడవారగా కూర్చున్నారు. అన్న యూనిఫాంలోనే వచ్చాడు, అంచు మీద కూర్చున్నాడు. వదిన కూర్చోలేదు. చైర్మన్ గొంతు సవరించుకున్నాడు.

"మా ప్రగాఢ సానుభూతి. మీ బాబు మాకూ బాబే. కమిటీ వాయిదా పడింది, మాకూ చాలా నష్టం..."

"మీకేం నష్టం?" అంది వదిన.

చైర్మన్ ప్రిన్సిపాలు వైపు చూశాడు. ప్రిన్సిపాలు కాగితమూ పెన్నూ మేడం ముందు పెట్టి, "చదివి వినిపించండమ్మా, సంతకం చేస్తే అయిపోతుంది" అన్నాడు.

ఆమె కాగితం బోర్లా తిప్పింది.

"వీళ్ళు రాసింది అబద్ధం వదినా. వాణ్ణి పంపింది ఈయన." మెయింటెనెన్స్ సారు తలదించుకున్నాడు. "వాడు మొద్దు కాదు. మూత తియ్యగానే అది ఏ గ్యాసో పేరు పెట్టి చెప్పాడు. కంపు పోయేదాకా ఆగాడు. ఆగమని అవతలివాడికి చెప్పాడు. నేను చెప్పిన పాఠం ప్రకారమే చేశాడు. కానీ నేను చెప్పింది సగమే. రెండో సగం చెప్పాల్సిన గంట ఈ మాస్టారు తీసుకున్నారు, ఈ ప్రిన్సిపాలు గారు ఇప్పించారు."

"అనవసరంగా నన్ను లాగకండి మేడం" అన్నాడు మెషీన్ డిజైన్ మాస్టారు. "ఒక్క గంట అప్పుగా తీసుకున్నా, అంతే కదా!"

"ఆగండి, ఇంకా ఉంది." ఆమె వదిన వైపు తిరిగింది. "వాడు ఇంట్లో నన్ను అడిగాడు వదినా. ఆ రెండో సగం ఏంటత్తా అని. ఆ రోజు నువ్వు నవ్వావు, గుర్తుందా? నేను చెప్పలేదు. క్లాసులో చెప్తానన్నాను. నా గంట నేను రాబట్టుకుంటానని పంతానికి పోయాను."

అన్న కళ్ళు మూసుకున్నాడు. వదిన రెప్ప వెయ్యకుండా ఆమెనే చూస్తూ అడిగింది.

"ఏంటది? ఆ రెండో సగం."

"అది కొంచెం ఉంటే కంపు. ఎక్కువైతే ముక్కు పనిచెయ్యదు, కంపు తెలీదు. కంపు ఆగిపోతే పారిపోవాలి."

"అంతేనా?"

"అంతే."

"అంతేనా!" వదిన గొంతు చీలిపోయింది. "సూదిలో దారం ఎక్కించేంత సేపు కూడా పట్టలేదే! ఇంత ముక్కకి నా కొడుకుని తిన్నారా అందరూ కలిసి!"

మేడం ఆమె చెయ్యి పట్టుకోబోయింది. వదిన విదిలించేసింది. "నీ సంగతి ఇంట్లో. నిన్ను ఏం చెయ్యాలో నాకింకా తెలీదు. నా ఎదుట పడకు కొన్నాళ్ళు."

అన్న లేచి మెయింటెనెన్స్ సారు ముందు నిలబడ్డాడు. అరవలేదు. "సార్, మీరెప్పుడైనా ఆ ట్యాంకులోకి దిగారా?"

"లేదండీ."

"ఎందుకని?"

ప్రిన్సిపాలు కలగజేసుకుని, "మనం భావోద్వేగాలు పక్కనపెట్టి..." అన్నాడు.

"పెట్టను" అంది వదిన. ఆమె బల్ల దగ్గరికొచ్చి, బోర్లా ఉన్న కాగితాన్ని తిప్పి, ప్రిన్సిపాలు ముందుకి తోసింది. "నా కొడుకు అనుమతి లేకుండా దిగాడని రాసిందెవరు? కొట్టెయ్యండి. ఎవరు పంపారో పేరు రాయండి, నా ముందే రాయండి. ఆ ట్యాంకులోకి మీ ప్లాంటు కోసం, మీ కమిటీ కోసం ఇంకొకడు దిగితే ఊరుకోను. మిషన్లు తెప్పించుకుంటారో, మీరే దిగుతారో మీ ఇష్టం. ఈవిడ గంట ఈవిడకిచ్చెయ్యండి, ఇంకెవడూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు. వచ్చే వారం తీర్చేస్తాం, చూద్దాం, అని నాకు చెప్పొద్దు. వాడితోపాటు చదివే పిల్లలందరికీ ఇప్పటికీ సగమే తెలుసు, వింటున్నారా? వాళ్ళలో ఎవడో ఒకడు రేపు ఇంకెక్కడో ఇంకో మూత తీస్తాడు. కంపు లేదుగా అని నవ్వుతూ దిగుతాడు. లేవండి. వాళ్ళందర్నీ పిలిపించండి, ఆ రెండో సగం ఈవిడ చేత చెప్పించండి. రేపు కాదు, ఇప్పుడే పిలవండి!"